పొరల ఉక్కు కత్తి: చెన్నైలో సొంతంగా నేర్చుకునేవారు ఏది ఎంచుకోవాలి?

పొరల ఉక్కుతో కత్తి చేయాలనుకునేవారు ఎక్కువమంది నమూనా దగ్గర మొదలుపెడతారు. ఫోనులో ఈక గీతల కత్తి ఒకటి చూస్తారు, అలాంటిదే కావాలనుకుంటారు, అక్కడినుంచి వెనక్కి లెక్కలు వేసుకుంటూ వస్తారు. లెక్క అటునుంచి వేయకూడదని నా అభిప్రాయం. కత్తి మీద కంటికి కనిపించేది నమూనా, కత్తిని నిలబెట్టేది పొరల మధ్య అతుకు. అందుకే ఇక్కడ ప్రతి ఎంపికనూ ఒకే ప్రశ్నతో తూచాను: పక్కన గురువు లేకుండా, చెన్నైలాంటి ఊళ్లో, ఇరుకైన చోట పనిచేసే మనిషికి అతుకును అదుపులో ఉంచేది ఏది?

దానికన్నా ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. బజారులో ‘డమాస్కస్’ పేరుతో కనీసం మూడు రకాల వస్తువులు తిరుగుతున్నాయి. ఒకటి పాతకాలపు మూస ఉక్కు, అంటే మట్టి మూసలో కరిగించి చేసే వూట్జ్. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుమోసిన ఊరు. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు 1819 ప్రాంతంలో దాని గుట్టు విప్పాలని కూర్చున్నాడు. అందులో దాదాపు ఒకటిన్నర శాతం కార్బన్ ఉంటుంది. దాని మీది అలలు ఉక్కు లోపల కార్బైడ్ అనే గట్టి కణాలు వరుసలు కట్టడం వల్ల వచ్చినవే తప్ప ఎవరో పొరలు పేర్చినందువల్ల వచ్చినవి కావు. వేడి మితిమీరితే ఆ అలలు మాయమవుతాయి. తొలి అడుగు అక్కడ వేయాలనుకోవడం సాహసం కూడా కాదు, వృథా ఖర్చు. రెండోది మనం మాట్లాడుకుంటున్నది: రెండు రకాల ఉక్కు పట్టీలను ఒకదానిమీద ఒకటి పేర్చి, కొలిమిలో అతికి, మడిచి లేదా కోసి మళ్లీ అతికేది. మూడోది మామూలు స్టీలు మీద లేజరుతో గీసిన బొమ్మ. దాన్ని పట్టుకోవడం సులభం, కత్తి వెన్ను చూడండి. నిజమైన పొరలైతే పక్కనున్న గీతలు వెన్ను మీదుగా అవతలి పక్కకు పాకుతాయి. లేజరు బొమ్మ వెన్ను దగ్గరే ఆగిపోతుంది.

దిమ్మ కొనడమా, సొంతంగా అతకడమా?

అతికి సిద్ధంగా ఉన్న పొరల దిమ్మలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దాన్ని తెచ్చి ఆకారం కోసి, అరగదీసి, గట్టిపరిచి, పిడి బిగిస్తే కత్తి. ఇది దొంగదారి అని కొందరు ముఖం చిట్లిస్తారు, నేను ఒప్పుకోను. కొలిమికి చోటు లేని అపార్ట్‌మెంటు మనిషికి ఇదొక్కటే మర్యాదైన దారి. గ్రైండర్ మీద చేయి కుదరడానికే బోలెడు కాలం పడుతుంది. షరతు మాత్రం ఒకటుంది: దిమ్మలో ఏయే ఉక్కులు ఉన్నాయో పేర్లతో సహా చెప్పని అమ్మకందారు దగ్గర కొనకండి. పేరు తెలియని ఉక్కును ఎన్ని డిగ్రీల దగ్గర నూనెలో ముంచి గట్టిపరచాలో ఎవరూ చెప్పలేరు.

సొంతంగా అతకదలచినవారికి రెండు మెట్లున్నాయి. మొదటిది మూడు పొరల కత్తి: మధ్యలో గట్టి ఉక్కు, రెండు పక్కలా వేరే ఉక్కు. ఉన్నవి రెండే అతుకులు, తప్పితే ఎక్కడ తప్పిందో వెంటనే తెలుస్తుంది. అంచుకు వచ్చేది మధ్యనున్న ఉక్కు ఒక్కటే. రెండో మెట్టు పూర్తి పొరల దిమ్మ. ఈ రెండింటి మధ్య నన్నడిగితే మూడు పొరలదే ముందు.

దానికి కూడా ముందు, ఏ పొరలూ లేని మామూలు కార్బన్ ఉక్కుతో కొన్ని కత్తులు చేసి ఉండాలి. ఇది నా చాదస్తం కాదు. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ 1976 నుంచి ఉన్న సంస్థ. వాళ్ల తొలి స్థాయి పరీక్ష కత్తిని పొరలు లేని కార్బన్ ఉక్కుతోనే చేయాలి. పై స్థాయి పరీక్షకు మాత్రం కనీసం 300 పొరల కత్తి తేవాలి. ఆ కత్తి వేలాడుతున్న తాడును ఒక్క వేటుకు తెంచాలి, దుంగను నరకాలి, అంత పనీ అయ్యాక కూడా చేతిమీది వెంట్రుకలు గీయగలగాలి. చివరకు వైసులో బిగించి 90 డిగ్రీలు వంచితే రెండు ముక్కలు కాకూడదు. అంత పేరున్నవాళ్లే పొరలను రెండో మెట్టు మీద పెట్టినప్పుడు మనకు తొందరేమిటి?

ఉక్కు: పుదుపేట పాత సామానా, పేరున్న పట్టీలా?

చెన్నైలో ఉన్నవారికి పుదుపేట ఒక పెద్ద ఆకర్షణ. విప్పేసిన బండ్ల కమాన్ కట్టలు, బేరింగులు, గొలుసులు అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి, ధర తక్కువ. పాత ఇనుము కొని కత్తి చేశాననడంలో ఒక సంబరం కూడా ఉంది. కానీ పొరల పనికి ఆ ఇనుముతో మూడు చిక్కులున్నాయి.

కమాన్ కట్ట ఏ ఉక్కో బయటినుంచి తెలియదు. ఈఎన్45 అనే స్ప్రింగు ఉక్కు అయితే అందులో ఒకటిన్నర నుంచి రెండు శాతం సిలికాన్ ఉంటుంది, ఇంకోటి క్రోమియం కలిసిన రకం కావచ్చు. ఏళ్ల తరబడి బరువు మోసి లోపల సన్నని పగుళ్లు వచ్చి ఉండవచ్చు. మీరు నెట్టుకొచ్చిన అతుకులన్నీ బాగున్నా పగులు ఉక్కులోనే ఉంటే ఆ సంగతి చివర్లో బయటపడుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు రంగు తేడా. రెండు వేర్వేరు కమాన్ కట్టలను అతికి, గీతలు తేలడానికి ఆమ్లంలో ముంచితే, రెండింటిలోనూ నికెల్ లేదు గనుక, బూడిద రంగు మీద బూడిద రంగు వస్తుంది. ఇంత చాకిరీ చేసి గీతలు కనబడకపోతే ఎందుకు?

తెల్లగీత రావాలంటే నికెల్ కావాలి. 15ఎన్20 అనే ఉక్కులో సుమారు 2 శాతం నికెల్, 0.75 శాతం కార్బన్ ఉంటాయి. ఆమ్లం దాన్ని అంతగా తినదు, వెండిలా మిగులుతుంది. దానికి జతగా 1084 అనే కార్బన్ ఉక్కు సరిగ్గా కుదురుతుంది: సుమారు 0.84 శాతం కార్బన్, ఆమ్లంలో నల్లబడటానికి తగినంత మాంగనీసు. రెండూ దాదాపు ఒకే వేడి దగ్గర అతుకుతాయి, ఒకే వేడి దగ్గర గట్టిపడతాయి, రెండింటికీ నూనె చాలు. నేర్చుకునేవారికి ఇంతకన్నా కలివిడి జంట లేదు. ఇవి ఇక్కడి దుకాణాల్లో నేరుగా దొరక్కపోవచ్చు, కత్తుల పనివాళ్లకు ఉక్కు అమ్మేవారి నుంచి తెప్పించుకోవాలి, కిలో ధర ఎక్కువే. అయినా ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.

మన దగ్గర తేలికగా దొరికే ఈఎన్31 అనే బేరింగు ఉక్కు మధ్యేమార్గం. ఒక శాతం చుట్టుపక్కల కార్బన్, ఒకటి నుంచి ఒకటిన్నర శాతం క్రోమియం. అంచు అద్భుతంగా నిలుస్తుంది. అయితే ఆ క్రోమియం వేడికి మొండి ఆక్సైడు పొలుసు కట్టి అతుకుకు అడ్డం వస్తుంది, గట్టిపరిచేటప్పుడు కాసేపు ఒకే వేడిలో నానాలి. రెండో ఏడాదికి దాచుకోండి. కలప మిల్లుల్లో పారేసిన పట్టీ రంపాల్లో కొన్నిటిలో నికెల్ ఉంటుంది, అన్నిటిలో ఉండదు. చిన్న ముక్క కోసి, బాగా తోమి, ఆమ్లంలో పెట్టి చూసి నమ్మండి. జింకు పూత వేసిన ఇనుము మాత్రం కొలిమి దరిదాపులకు రానివ్వకండి, ఆ పొగ మనిషిని పడగొడుతుంది.

ఇంకొక మాట తరచూ వింటుంటాం: ‘మెత్తని ఇనుము, గట్టి ఉక్కు కలిపితే రెండింటి గుణాలూ వస్తాయి’ అని. మూడు పొరల కత్తిలో అందులో కొంత నిజముంది, అంచుకు గట్టి ఉక్కు ఒక్కటే వస్తుంది గనుక. వంద పొరల దిమ్మలో మాత్రం కుదరదు. అతుకు వేడి దగ్గర కార్బన్ ఒక పొరనుంచి ఇంకో పొరకు చకచకా పాకుతుంది. సగం 0.84 శాతం ఉక్కు, సగం 0.2 శాతం మెత్తని ఇనుము పెడితే చివరికి మిగిలేది అంతటా సుమారు అర శాతం ఉన్న నీరసపు అంచు. నికెల్ అలా పాకదు. అందుకే గీతలు నిలుస్తాయి, కార్బన్ తేడా నిలవదు. రెండు ఉక్కులూ కత్తికి పనికొచ్చేవే అయి ఉండాలి.

గ్యాసా, బొగ్గా?

మన ఊళ్ల కమ్మరి కొలిమిలో తిత్తి, కట్టెబొగ్గు, దాగలి చాలు, అవి చేయలేని పని లేదు. కట్టెబొగ్గు శుభ్రమైన మంట ఇస్తుంది, కానీ పొరల పనికి బస్తాలకు బస్తాలు తింటుంది. రాతిబొగ్గులో గంధకం అతుకును పాడుచేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, బొగ్గు మంటలో ఎక్కడ ఎంత వేడి ఉందో, ఎక్కడ గాలి ఎక్కువై ఉక్కు కాలిపోతుందో కనిపెట్టడం అనుభవం మీద వచ్చే విద్య. ఎదురుగా ఉండి చూపించేవారు లేనప్పుడు కాలిపోయిన ఉక్కే గురువవుతుంది, దాని ఫీజు ఎక్కువ. పొగ సంగతి పక్కింటివాళ్లు చెబుతారు.

గ్యాసు కొలిమిలో మంటను బయటినుంచి చూడవచ్చు. గాలి తగ్గించి గ్యాసు కొంచెం ఎక్కువగా పోనిస్తే లోపల ప్రాణవాయువు మిగలదు, పొలుసు తక్కువ కడుతుంది. అతుకుకు కావలసిన 1,200 డిగ్రీల పరిసరాల్లో ఒకే మోస్తరు వేడి నిలుపుకోవచ్చు. స్వయంగా నేర్చుకునేవారికి గ్యాసే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఇంట్లో వంటకిచ్చే 14.2 కిలోల సిలిండరును ఇందుకు వాడటం చట్టవిరుద్ధం, 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోండి. వంట రెగ్యులేటర్ ఇచ్చే పీడనం సాధారణ కొలిమి బర్నరుకు చాలదు. పీడనం మార్చుకోగల రెగ్యులేటర్, మంట వెనక్కి పోకుండా ఆపే కవాటం రెండూ పెట్టాలి. ఈ గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలమీద పేరుకుంటుంది. సెల్లారులో, మూసిన గదిలో కొలిమి పెట్టడమంటే ప్రాణంతో ఆట. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదని వేరే చెప్పాలా? నాలుగు పక్కలా గాలి ఆడే రేకుల షెడ్డు కావాలి. చలిదేశాలవాళ్లు సిలిండరు గడ్డకట్టి మంట పడిపోతోందని మొత్తుకుంటారు. చెన్నై వేడిలో మనకు ఆ బాధ తక్కువ. కత్తెర ఎండల్లో కొలిమి ముందు నిలబడటం వేరే సంగతి, ఆ నెలలో నేనైతే తెల్లవారుజామున తప్ప వెలిగించను.

కొలిమి లోపలి అస్తరులోనూ ఎంపిక ఉంది. సిరామిక్ ఉన్ని 1260, 1425 డిగ్రీల రకాల్లో వస్తుంది. మన పని సరిగ్గా మొదటి రకం హద్దు మీద జరుగుతుంది గనుక రెండోదే కొనండి. దాన్ని ఉత్తగా వదిలేస్తే నూలుపోగులు గాల్లో తేలి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పైన వేడిని తట్టుకునే పూత తప్పనిసరి. అడుగున ఉన్ని అస్సలు వద్దు, అతుకు కోసం చల్లే వెలిగారం (బోరాక్స్) కారి దాన్ని కరిగించి తినేస్తుంది. అల్యూమినా ఎక్కువున్న ఇటుక పరిచి, పాడైనప్పుడల్లా మార్చండి.

వెలిగారమా, కిరోసినా, మూసేసిన కట్టా?

పట్టీలను మెరిసేదాకా రుద్ది, పేర్చి, అంచులను వెల్డు చేసి, పట్టుకోవడానికి ఒక కడ్డీ అతికించాక ప్రశ్న ఒకటే. కొలిమిలో పొరల మధ్యకు గాలి పోకుండా ఎలా ఆపాలి?

వెలిగారం పాత పద్ధతి. షావుకారుపేటలో కంసాలుల సరుకులమ్మే చోట దొరుకుతుంది. కట్ట ముదురు ఎరుపు దాటగానే చల్లాలి. 743 డిగ్రీల దగ్గర కరిగి, తేనెలా పాకుతూ సందుల్లోకి దిగి, అక్కడున్న పొలుసును తనలో కలుపుకుంటుంది. ఆపైన వేడి పెరిగి, కట్ట లేత పసుపుకు వచ్చి, పైన ద్రవం బుడగలు కడుతూ మెరుస్తున్నప్పుడు బయటకు తీయాలి. మొదటి దెబ్బలు బలంగా వేయకూడదు. ఒక చివరనుంచి ఇంకో చివరకు తేలికగా, త్వరగా కొట్టుకుంటూ పోతే కరిగిన వెలిగారం పక్కలనుంచి చిమ్ముకుంటూ బయటకు వస్తుంది. ఆ చిమ్మేది కళ్లకోసమే అన్నట్టు వస్తుంది, తోలు ఏప్రన్, అద్దాలు లేకుండా దాగలి దగ్గరకు వెళ్లకండి. కొట్టాక కట్ట చల్లారుతుండగా పక్కనుంచి చూడండి. అన్ని పొరలూ ఒకేలా ఎరుపు తగ్గుతుంటే అతుకు పడినట్టు. ఎక్కడైనా ఒక మచ్చ మిగతాదానికన్నా ముందే నల్లబడితే దానికింద ఖాళీ ఉంది. లోపలినుంచి వేడి అందక పైపొర ఒంటరిగా చల్లారుతోంది. వెంటనే మళ్లీ వెలిగారం, మళ్లీ వేడి.

కిరోసిన్ లేదా డీజిల్‌లో ముంచి కొలిమిలో పెట్టేవారున్నారు. అది కాలి మిగిల్చే కార్బన్ సందుల్లోని ప్రాణవాయువును తినేస్తుంది. కొలిమి అడుగు పాడవదు, చిమ్మడం ఉండదు. కానీ పట్టీలు అద్దంలా శుభ్రంగా ఉండాలి, మంట సరిగ్గా కుదరాలి. మూడో పద్ధతిలో కట్ట అంచుల చుట్టూ సందు లేకుండా వెల్డు వేసి మూసేస్తారు, అతుకు పడ్డాక ఆ వెల్డును అరగదీస్తారు. ఈఎన్31లాంటి మొండి ఉక్కుకు ఇదే మేలు. అంబత్తూరులో వెల్డింగు షెడ్డు ఉన్న స్నేహితుడుంటే మొదటినుంచీ ఇదే పట్టుకోండి, లేకపోతే వెలిగారం.

సుత్తి, ప్రెస్సు, పవర్ హ్యామర్ మధ్య ఎంపికను డబ్బు, పొరుగువారు తేలుస్తారు. నివాస ప్రాంతాల్లో శబ్దానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు అని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. దాగలి మీద ఒక్క దెబ్బ పడితే అది దాటుతుంది. పవర్ హ్యామరుకు పునాది కూడా కావాలి. మూడు పొరల కత్తికి చేతిసుత్తి చాలు. వంద పొరలకు వెళ్లాలనుకుంటే 20 టన్నుల చుట్టూ ఉన్న హైడ్రాలిక్ ప్రెస్సు కొనడమో, ఉన్నవారి షెడ్డులో గంటల లెక్కన పని చేసుకోవడమో మేలు. నెమ్మదిగా, లోతుగా, చప్పుడు లేకుండా నొక్కుతుంది.

ఎన్ని పొరలు, ఏ నమూనా?

పొరలు ఎక్కువైతే కత్తి గొప్పదన్నది అమ్మేవాళ్ల మాట. తొమ్మిది పొరల కట్టను నాలుగు ముక్కలు చేసి పేరిస్తే 36, ఇంకోసారి చేస్తే 144. అక్కడ ఆగిపోండి. ప్రతి మడతకూ పొలుసు రూపంలో, అరగదీతలో ఉక్కు పోతుంది. మొదలుపెట్టిన బరువులో మూడోవంతు పోయినా ఆశ్చర్యం లేదు. ఐదారు వందలు దాటితే గీతలు కలిసిపోయి దూరం నుంచి మసకగా కనిపిస్తాయి.

నమూనాల్లో వానచినుకు నాకిష్టం. దిమ్మ రెండు పక్కలా డ్రిల్లుతో పైపైన గుంటలు వేసి, మళ్లీ కొట్టి చదును చేస్తే వలయాలు వస్తాయి, ప్రెస్సు అక్కర్లేదు. నిచ్చెన నమూనా కూడా అంతే, గుంటల బదులు అడ్డంగా గాళ్లు. మెలి నమూనా అందమైనది గానీ కడ్డీని మెలిపెట్టేటప్పుడు బలహీనమైన అతుకు నిలువునా విచ్చుకుంటుంది. ఈక నమూనాకు దిమ్మను వేడిమీద నిలువునా చీల్చి మళ్లీ అతకాలి. ప్రెస్సు లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

గట్టిపరచడం, గీతలు తేల్చడం

1084, 15ఎన్20 జంటను ఇంట్లోనే గట్టిపరచవచ్చు. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. అక్కడినుంచి ఇంకొంచెం, 815 దాకా పోనిచ్చి, గోరువెచ్చని వంటనూనెలో నిలువుగా ముంచాలి. తర్వాత 200 డిగ్రీల ఓవెన్‌లో రెండేసి గంటలు రెండుసార్లు. ఈఎన్31 అయితే వేడిని కచ్చితంగా నిలిపే ఫర్నేసు ఉన్న వాణిజ్య షాపుకు ఇవ్వండి, అంబత్తూరు, గిండీ పారిశ్రామికవాడల్లో అలాంటివి దొరుకుతాయి. ఇచ్చేటప్పుడు ఉక్కు పేరు, కావలసిన కాఠిన్యం, నూనెలోనే ముంచాలన్న మాట కాగితం మీద రాసివ్వండి. నోటిమాట బ్యాచిలో కలిసిపోతుంది.

గీతలు తేల్చడానికి ఫెరిక్ క్లోరైడ్ కావాలి. సర్క్యూట్ బోర్డులు చేసేవారు వాడేది ఇదే గనుక రిచీ స్ట్రీటులో అడగండి. పొడి రకం నీళ్లలో వేస్తే వేడెక్కుతుంది, నీళ్లలోకి పొడిని కొద్దికొద్దిగా వేయాలి. ద్రావణంగా దొరికితే ఒక వంతుకు మూడు నాలుగు వంతుల నీళ్లు, ప్లాస్టిక్ పాత్ర, చేతికి తొడుగులు. పది నిమిషాలకోసారి తీసి తుడిచి మళ్లీ ముంచాలి, చివర్లో వంటసోడా నీళ్లతో కడగాలి. ఇన్‌స్టంట్ కాఫీని చిక్కగా కలిపి అందులో గంటల తరబడి నానబెడితే నలుపు ఇంకా చిక్కబడుతుంది. ఫిల్టరు డికాషన్ దీనికి వాడటం అపచారం, అది తాగడానికి.

అతుకు తీర్పు వచ్చేది కూడా ఇక్కడే. గీతల వెంట జుట్టులా సన్నగా, నల్లగా, వేలిగోరుకు తగిలే గాడి కనిపిస్తే అది నమూనా కాదు, అతకని చోటు. వెన్ను దగ్గర చిన్నదైతే ఇంట్లో వాడుకోవచ్చు, అంచు దగ్గరుంటే ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి.

ఏ కత్తి చేయాలి?

పొడవాటి బాకులకన్నా వంటింటి కత్తే ఎంచుకోమంటాను. దానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, వైజ్ఞానిక, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. బాకు చేస్తే ఆ మినహాయింపు దక్కదు.

వంటింట్లోనూ ఏ పనికన్నది తేల్చుకోవాలి. ఉల్లిపాయలకు, ఆకుకూరలకు పలుచని అంచు హాయిగా ఉంటుంది. ఆవకాయ కాయలు కొట్టడానికి మాత్రం ఈ కత్తి ఇవ్వకండి. టెంక మీద పలుచని అంచు పెచ్చులూడుతుంది, పులుపుకు గీతలు మరకలు పడతాయి, ముక్క కూడా నల్లబడుతుంది. ఆ పనికి మందపాటి మామూలు కత్తే నయం. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే ఇళ్లలో కార్బన్ ఉక్కు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. కడిగిన వెంటనే తుడిచి, తినే వస్తువులకు వాడదగ్గ మినరల్ ఆయిల్ పలుచగా రాయాలి. నువ్వులనూనె రాస్తే కొన్నాళ్లకు జిగురు కడుతుంది. ఈ శ్రద్ధ లేని ఇంటికి బహుమతిగా ఇవ్వాలంటే, గట్టి ఉక్కుకు రెండు పక్కలా స్టెయిన్‌లెస్ తొడిగిన దిమ్మ కొని చేయండి. తుప్పు పట్టే భాగం సన్నని అంచు ఒక్కటే.

పిడికి టేకు, లేదా తేమకు ఉబ్బని మైకార్టా (గుడ్డ పొరలను రెసిన్‌తో నొక్కి చేసిన పలక). బిల్లు లేని ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇస్తానన్నా తీసుకోకండి.